పూజలో పెట్టిన తాళాలు

కంప్యూటర్ అబద్ధం చెప్పదు అనేవాణ్ణి చూస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. పోయినేడంతా ఆ మాట ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే కాబట్టి ఆ మంటలో సగం నా మీదే. అది అబద్ధం చెప్పదు, నిజమే. దాని నోట్లోంచి సగం మాట తీసి కాగితం మీద పెట్టి, మొత్తం ఇదే అని సంతకం చెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

నా పేరు తౌసిఫ్. ఇల్లు భవానీపురం. పటమటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్ళు కంప్యూటర్ల పని చూశాను. అక్కడ అమలమ్మ అని సీనియర్ నర్సు ఉండేది. యాభై ఆరేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసు. ఒక పేషెంటు చావు తీసుకొచ్చి ఆవిడ మెడకి చుట్టారు. రికార్డు దిద్దింది ఆవిడ కాదని చెప్పే రుజువు ఒక్క చోటే ఉంది, నా సర్వర్లో. అది కూడా తొంభై రోజులే ఉంటుంది. ఆ తొంభై రోజులూ నేనేం వెలగబెట్టానో చెప్పడానికే ఇదంతా.

జీరో ట్రస్ట్, అంటే ఎవర్నీ నమ్మకు అనే ముక్క మా ఆసుపత్రికి సరదాకి రాలేదు. అంతకుముందు వేసవిలో ఒక ఉదయం కంప్యూటర్లన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. ఉద్యోగం మానేసి రెండేళ్ళయిన ఒక ల్యాబ్ టెక్నీషియన్ పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంది. ఎవడో దొంగ దాన్ని పట్టుకుని లోపలికి దూరాడు. దూరాక వాణ్ణి నువ్వెవడివని అడిగే దిక్కు లేదు. ల్యాబ్‌లోంచి ఫార్మసీకి, ఫార్మసీలోంచి ఆపరేషన్ థియేటర్‌కి, అత్తారింట్లో తిరిగినట్టు తిరిగాడు. నాలుగు రోజులు రిపోర్టుల్లేవు, స్కానింగుల్లేవు. పేషెంట్లని అంబులెన్సుల్లో వేరే ఆసుపత్రులకి పంపాం.

అప్పుడు మేడం నన్ను పిలిచారు. మేడం అంటే డాక్టర్ బాలాత్రిపురసుందరి గారు, ఆసుపత్రి ఆవిడదే. ఇది మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలి అన్నారు.

"ఇప్పటిదాకా మనది పెళ్ళివారిల్లు మేడం. గుమ్మంలో పన్నీరు చల్లించుకున్నవాడు లోపల ఏ గదిలోకెళ్ళినా ఎవరూ అడగరు. ఇకమీదట ప్రతి గది దగ్గరా అడగాలి. నువ్వెవరు, ఏ కంప్యూటర్ మీంచి వచ్చావు, ఈ టైములో నీకిక్కడేం పని అని. లోపలి మనిషే కదా అని ఎవర్నీ నమ్మకూడదు. నన్నూ నమ్మకూడదు, మిమ్మల్నీ నమ్మకూడదు."

ఆఖరి ముక్కకి ఆవిడ నవ్వి, సరే కానివ్వు అన్నారు.

ఆరు నెలలు పట్టింది. పాస్‌వర్డులు తీసేశాం. ఒక్కొక్కరికీ వేలెడంత నల్ల ముక్క ఒకటి ఇచ్చాం. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి నాలుగంకెల పిన్ కొడితేనే పని నడుస్తుంది. దాని పేరు సెక్యూరిటీ కీ. మావాళ్ళు తాళం అన్నారు, నాకూ అదే అలవాటయింది. ఎవరి తాళంతో, ఏ కంప్యూటర్ మీద, ఎన్ని గంటలకి, ఏ రికార్డులో, ముందేముంటే దాన్ని ఏమని మార్చారో అంతా సర్వర్లో పడుతుంది. దాన్ని లాగ్ అంటాం. తొంభై రోజులయ్యాక పాతది దానంతటదే చెరిగిపోతుంది. లాగ్ సెట్టింగు ఎవరూ ఒంటరిగా ముట్టుకోకూడదని ఇంకో రూలు కూడా పెట్టాను. మార్చాలంటే నా తాళం, మేడం తాళం రెండూ గుచ్చాలి. ఎంత తెలివైనవాణ్ణో అని నాకు నేనే మురిసిపోయాను.

తాళాలు పంచిన రోజు రెండు వందల మంది లైను కట్టారు. అవతల వార్డులో పేషెంట్లున్నారు తొందరగా కానివ్వండి బాబూ అని ఒకటే గోల. పిన్ ఏం పెట్టుకుంటారో ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ కూర్చుంటే తెల్లారినట్టే. అందుకని అందరికీ వాళ్ళ స్టాఫ్ నంబరే పిన్‌గా పెట్టేసి, తర్వాత మార్చుకోండి అన్నాను. స్టాఫ్ నంబరు మెళ్ళో వేలాడే కార్డు మీదే ఉంటుంది. ఒక్కరూ మార్చుకోలేదు. నేనూ మళ్ళీ అడిగిన పాపాన పోలేదు.

అమలమ్మ వంతు వచ్చినప్పుడు, కార్డు చూపించండి సిస్టర్ అన్నాను.

"ఇన్నేళ్ళ నుంచీ చూస్తున్నావు, నా మొహం చాలదా బాబూ?"

"రూలండీ. అందరికీ ఒకటే."

ఆవిడ కార్డు తీసి చెంప పక్కన పెట్టుకుని, ఫొటో తీయించుకునేదానిలా నించుంది. "సరిపోయిందా చూసుకో, అనుమానం పక్షీ" అంది. లైన్లో వాళ్ళంతా నవ్వారు. నేను మాత్రం నవ్వకుండా కార్డు వంకా మొహం వంకా చూసి, తాళం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను.

ఆ మొహం నాకెందుకు చాలదు? కోవిడ్‌లో మా అమ్మ ఆ ఆసుపత్రిలోనే పోయింది. మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వని రోజులు. అమ్మ ఆఖరి గుక్క నీళ్ళు అమలమ్మ చేతి మీదే తాగింది. నేను బయట మెట్ల మీద కూర్చుని కల్మా చదువుతుంటే, ఆవిడ ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టి, చెయ్యి మార్చుకుంటూ నలభై నిమిషాలు పట్టుకుని నించుంది. పొద్దున లేస్తే బైబిలు చదువుకునే మనిషి. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా దగ్గర ఎత్తలేదు.

ఇక దసరా. మా ఊళ్ళో దసరా అంటే తెలిసిందే, అమ్మవారి కొండ చుట్టూ ఎర్రబట్టలే, రోడ్లన్నీ మళ్ళింపులే. ఆసుపత్రిలో ఏటా నవమి నాడు పనిముట్లకి పూజ చేస్తారు. స్టెతస్కోపులు, కత్తెరలు, ఎక్స్‌రే మిషను, అంబులెన్సు అన్నిటికీ పసుపు కుంకుమ. సర్వర్ రూము తలుపుకి బొట్టు పెట్టించి నిమ్మకాయలు కట్టించేది నేనే. నాకెప్పుడూ ఇబ్బంది అనిపించలేదు.

ఆ ఏడు మేడం కొత్తగా ఒక మాటన్నారు. "ఈసారి అందరూ తాళాలు పూజలో పెట్టండి. ఇప్పుడు మన ఆయుధాలు అవేగా."

పెద్ద వెండి పళ్ళెం తెచ్చారు. అన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి మళ్ళీ కలిసిపోకుండా ఒక్కోదానికీ ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద పేరూ స్టాఫ్ నంబరూ రాయించారు. అంటే తాళం మీదే పిన్ రాశారన్నమాట. పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. అందుకని మధ్యాహ్నం పన్నెండు నుంచీ మర్నాటి ఉదయం దాకా అందరూ కాగితం మీద రాసుకుని, తర్వాత కంప్యూటర్లో ఎక్కించాలని చెప్పారు. పళ్ళెం పెట్టిన గదికి తలుపుంది గానీ గడియ లేదు.

వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. నా మొహం చూసి మేడం అడిగారు, "ఏం తౌసిఫ్, నీకేమన్నా అభ్యంతరమా?"

ఆ మాటలో విషమేమీ లేదు, ఆవిడ మామూలుగానే అడిగారు. కానీ హాల్లో అరవై మంది నా వంక తిరిగారు. కంప్యూటర్ల మనిషిగా నేను వద్దంటాను. సాయంత్రానికి క్యాంటీన్లో అది సాయిబు పూజకి అడ్డం చెప్పాడన్న మాటయి కూర్చుంటుంది. వాళ్ళలో ఎవరూ నన్ను ఎప్పుడూ ఒక్క మాటన్నది లేదు. ఆ భయం నాలోంచి పుట్టిందే, దాన్ని ఇంకొకళ్ళ మీదకి తొయ్యను.

"అబ్బే, అభ్యంతరమేముంది మేడం. మంచి ఆలోచన" అన్నాను. మంచి ఆలోచనట, నా తలకాయ.

అమలమ్మ నా పక్కనే నించుని ఉంది. గొంతు తగ్గించి అడిగింది, "పెట్టొచ్చా బాబూ? ప్రాణం పోయినా ఎవరికీ ఇవ్వొద్దన్నావుగా దీన్ని?" ఆవిడకీ నాలాంటి ఇరకాటమే. చర్చికెళ్ళే మనిషి పూజలో పెట్టనందంటే అదొక మాటవుతుంది.

"ఒక్క పూటేగా సిస్టర్, పెట్టండి" అన్నాను. ఆవిడ మెళ్ళోంచి తాళం తీసి పళ్ళెంలో పెట్టి, వార్డుకి వెళ్ళిపోయింది.

ఆ వార్డులో ఆ పొద్దున్నే ఒక ప్రాణం పోయింది. రామకోటేశ్వరరావు గారని, కంకిపాడు నుంచి వచ్చిన అరవయ్యేళ్ళాయన. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. రక్తం గడ్డ కట్టకుండా పలచబడ్డానికి ఇంజెక్షన్ ఇస్తారు. అష్టమి సాయంత్రం ఆ డోసు ఫోన్లో చెప్పింది డాక్టర్ అనంతకృష్ణ, మేడం గారి అల్లుడు. ఆయన ఎక్కడున్నాడో గానీ వెనకంతా మైకుల మోత. ఇరవై ఐదు వేల యూనిట్లు అన్నాడు. ఇవ్వాల్సింది ఐదు వేలు. అమలమ్మ మళ్ళీ అడిగింది. చెప్పింది ఇవ్వండి సిస్టర్ అని ఫోను పెట్టేశాడు. డాక్టరు ఫోన్లో చెప్పింది నర్సు కంప్యూటర్లో ఎక్కించాలి. ఆవిడ డోసు ఎక్కించి, కింద ఒక లైను రాసింది: 'ఎక్కువనిపించి మళ్ళీ అడిగాను, అదే ఇవ్వమన్నారు.' రాసి, ఇంజెక్షన్ ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సింది బాబూ అని తర్వాత నాతో ఎన్నిసార్లందో లెక్కలేదు. తెల్లారేసరికి లోపల రక్తస్రావం మొదలైంది, పదిన్నరకి ఆయన పోయాడు. శవం కింద గదిలో ఉండగానే పైన హారతి ఇచ్చారు.

దశమి పొద్దున ఏడింటికి ఉద్వాసన చెప్పి తాళాలు పంచారు. నేను వెళ్ళి లాగ్ తెరిచాను. ముందు రోజు పన్నెండు నుంచీ ఆ క్షణం దాకా అందులో ఏమీ ఉండకూడదు, తాళాలన్నీ దేవుడి ముందున్నాయి కదా. కానీ ఒకటుంది. నవమి సాయంత్రం నాలుగూ ఇరవైకి, అమలమ్మ తాళంతో రామకోటేశ్వరరావు గారి రికార్డు తెరిచారు. ఆర్డరు దగ్గర ఇరవై ఐదు వేలు కొట్టేసి ఐదు వేలు చేశారు. 'మళ్ళీ అడిగాను' అన్న లైను తీసేశారు. ఇచ్చిన డోసు మాత్రం ఇరవై ఐదు వేలుగానే ఉంచారు. అంటే డాక్టరు సరిగ్గానే చెప్పాడు, నర్సే ఐదింతలు ఎక్కించింది, పైగా తర్వాత రికార్డు దిద్దింది అని అర్థం. కంప్యూటరు ఏదో కూడా ఉంది. మూడో అంతస్తు, అనంతకృష్ణ గారి గది. ఆ కంప్యూటరు బిగించింది నేనే.

భయమేసి ఆ లైను మళ్ళీ చదివాను. అయినా ఒక పక్క గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు. నా సిస్టం దొంగని పట్టుకుంది కదా. ఆ ఊపులో తిన్నగా మేడం గదికే వెళ్ళి అంతా చెప్పేశాను. అంతకన్నా వెర్రివెంగళప్ప ఉంటాడా.

ఆవిడ అంతా విని, లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. నిద్ర లేని మొహం. నేను చెప్పకముందే ఆవిడకి తెలుసని అప్పుడు అర్థమైంది.

"డ్యూటీలో ఉన్న నర్సుల తాళాలు పూజలో పెట్టలేదు. అవునా?" అన్నారు.

"పెట్టారు మేడం. అమలమ్మ గారు నా ముందే పెట్టారు."

"నేను పెట్టమంటే వద్దన్నావా? పళ్ళెంలో పెడుతుంటే మంచి ఆలోచన అన్నది ఎవరు? మెళ్ళో కార్డు మీదున్న నంబరే పిన్‌గా పెట్టింది ఎవరు? ఇదంతా బయటికొస్తే మా అల్లుడి కంటే ముందు లోపలికెళ్ళేది నువ్వు." తర్వాత మామూలు గొంతుతో అన్నారు, "నీకు ఇద్దరు పిల్లలు. అమలమ్మకి ఇంకో రెండేళ్ళలో ఎలాగూ రిటైర్మెంటు."

మూడు గడులతో ఒక కాగితం టైపు చేయించారు. టైము, ఎవరి తాళం, ఏం చేశారు. ఏ కంప్యూటరో లేదు, ముందేముందో లేదు. కింద రెండు వాక్యాలు: ఆ సమయంలో తాళం సదరు ఉద్యోగి వద్దనే ఉన్నది. పై వివరములే పూర్తి రికార్డు. నేను సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది గానీ, వణకలేదు. బ్యాంకులో పెట్టినంత శుభ్రంగా పెట్టాను.

వారం తిరక్కుండా అమలమ్మని సస్పెండ్ చేశారు. చనిపోయినాయన కొడుకు ఫిర్యాదు ఇచ్చాడు, ఆవిడ మీద కేసు కట్టారు. నర్సుగా రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని ఆసుపత్రే పైకి రాసింది. సామాన్లు తీసుకుపోవడానికి వచ్చిన రోజు స్కూటర్ల స్టాండు దగ్గర నన్ను పట్టుకుంది. ఏడవలేదు.

"అందరూ నేనే దిద్దానంటున్నారు. నేను పళ్ళెంలో పెట్టానని నీకు తెలుసు. నీ మిషన్‌కీ తెలుస్తుందిగా, అది అబద్ధం చెప్పదన్నావుగా. అది చాలు నాకు."

"చూస్తాను సిస్టర్" అన్నాను. ఆవిడ నా భుజం తట్టి, అవనిగడ్డ బస్సు కోసం వెళ్ళింది. కూతురు మార్త చల్లపల్లిలో టీచరు, ఇక అక్కడే ఉంటానంది.

అక్కణ్ణించీ నేను చేసిన పనల్లా రోజులు లెక్కపెట్టడం. పొద్దున్నే వెళ్ళి లాగ్ తెరిచి, నాలుగూ ఇరవై దగ్గర ఆ లైను ఉందో లేదో చూసుకుని మూసేసేవాణ్ణి. ఇంకా డెబ్భై రోజులుంది. ఇంకా యాభై ఉంది. విచారణలో నన్ను పిలిస్తే అప్పుడు చెప్తాను అనుకున్నాను. కాగితం ఉందిగా అని నన్ను పిలవలేదు. హమ్మయ్య అనుకున్నాను, అదీ నా బతుకు. మా ఆవిడ షాహీదాకి ఏమీ చెప్పలేదు. ఒకరోజు అన్నం పెడుతూ తనే అంది, "అమలమ్మ గారి సంగతి క్యాంటీన్ ఆవిడ చెప్పింది. అత్తయ్య గొంతులో ఆఖరి నీళ్ళు పోసిన చెయ్యి అది. మీకేమన్నా తెలిస్తే చెప్పండి." నాకేం తెలుసు అని కసిరాను. తను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

ఏటా క్రిస్మస్‌కి అమలమ్మ మా ఇంటికి కేకు తెచ్చేది. ఈసారి ఫోను చేసింది. "నేను రాలేను, నువ్వే వచ్చి తీసుకుపో. పిల్లలు అడుగుతారు." పండగ మర్నాడు చల్లపల్లి వెళ్ళాను. ఎనభై ఆరో రోజు.

రెండు గదుల అద్దె ఇల్లు. ఆవిడ బాగా చిక్కిపోయింది, మెడ దగ్గర ఎముకలు తేలాయి. నన్ను కూర్చోబెట్టి, మార్తని కేకు కొయ్యమని చెప్పి, ఫైలు తీసింది.

"ఈ కాగితం చూడు బాబూ. కేసులో పెట్టారు. కింద నీ సంతకం." ఆవిడ చెప్పుకుపోతోంది, "చూడగానే అనుకున్నా, ఎవరో నీ సంతకం గీకారని. వకీలుకి కూడా అదే చెప్పా. ఆ అబ్బాయి చస్తే చస్తాడు గానీ ఇలా రాసివ్వడు, ఇది దొంగ సంతకమని కోర్టులో అడగండి అన్నా. పళ్ళెంలో పెట్టమంది నువ్వేనని మాత్రం ఎక్కడా చెప్పలేదులే. పాపం నీ ఉద్యోగానికి వస్తుంది."

అప్పుడైనా చెప్పాల్సింది. నేను కేకు తిన్నాను. రెండో ముక్క పెడితే అదీ తిన్నాను. పిల్లలకి కట్టించిన పొట్లం తీసుకుని బస్సెక్కాను.

ఉయ్యూరు దాటాక కక్కుకున్నాను. కిటికీలోంచి కేకంతా రోడ్డు మీద పోసి, పక్కనాయన ఇచ్చిన నీళ్ళతో మొహం కడుక్కుని, ఇక చాలు అనుకున్నాను. అనుకోవడానికీ చెయ్యడానికీ మధ్య ఇంకో మూడు రోజులు పట్టింది. ఇంటికెళ్ళి షాహీదాకి మొత్తం చెప్పాను. తను నా చొక్కా తీసి ఉతకడానికి పెట్టింది.

డిసెంబరు ఇరవై తొమ్మిది. లాగ్ మొత్తం ప్రింటు తీశాను. కంప్యూటరు పేరుతో, ముందేముందో తర్వాతేముందో అన్నీ ఉన్న కాగితం. పెన్‌డ్రైవ్‌లోనూ ఎక్కించాను. కింద సంతకం పెట్టి, కేసు చూస్తున్న పోలీసు అధికారి దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తుడే. కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విన్నాడు. ఫైల్లోంచి మొదటి కాగితం తీసి రెండోదాని పక్కన పెట్టాడు.

"ఇందులో తాళం ఆవిడ దగ్గరే ఉందని, పూర్తి రికార్డు ఇదేనని రాసింది మీరే. ఇప్పుడు కాదంటున్నదీ మీరే. రెండిట్లోనూ సంతకం మీదే. ఏది నమ్మమంటారు?"

"రెండోది సార్. నన్ను నమ్మక్కర్లేదు, సర్వర్లో చూడండి. ఇప్పుడే రండి."

"ఇప్పుడే అంటే ఎలాగండీ. న్యూ ఇయర్ బందోబస్తు నడుస్తోంది. సర్వర్ చూడాలంటే మా ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్ళకి రాయాలి, వాళ్ళు రావాలి. జనవరి మొదటి వారం అనుకోండి."

"రేపటితో చెరిగిపోతుంది సార్."

"ఎవరు చెరుపుతారు?"

"ఎవరూ కాదు. తొంభై రోజులకి దానంతటదే పోతుంది. అలా పెట్టింది నేనే."

ఆయన పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది నేను ఇంట్లో కూర్చుని తయారుచెయ్యలేదని ఎవరు చెప్తారని అడిగాడు. రెండో కాగితం తీసుకుని, ముట్టినట్టు రాసి, స్టాంపు వేసి ఇచ్చాడు.

సెట్టింగు ఆపాలంటే మేడం తాళం కావాలి. ముప్పయ్యో తారీఖు పొద్దున ఆ గడువు ఇంకో నెల పెంచమని కాళ్ళ మీద పడదామనే వెళ్ళాను. లాగ్ ప్రింటు తీస్తే ఆ సంగతి మేడం ఫోనుకి వెళ్ళేలా పెట్టింది కూడా నేనేనని అప్పటిదాకా గుర్తే లేదు. నా కంప్యూటర్‌కి తాళం గుచ్చితే, మీకు అనుమతి లేదు అని వచ్చింది. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ అదే. సెక్యూరిటీ అతను వచ్చి, గేటు దాకా తోడు వస్తాను పదండి సార్ అన్నాడు. ఆ సాయంత్రం నాలుగూ ఇరవైకి నేను బెంజి సర్కిల్ దగ్గర టీ కొట్టు ముందు నించుని గడియారం చూసుకుంటున్నాను.

జనవరి రెండో వారంలో ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్ళు వచ్చి సర్వర్ చూశారు. అప్పటికి అందులో ఏమీ లేదు.

ఆ వారమే చల్లపల్లి వెళ్ళాను. రెండు కాగితాల నకళ్ళూ తీసుకెళ్ళాను. ఆదివారం మధ్యాహ్నం. అమలమ్మ చర్చి నుంచి వచ్చి, తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. నన్ను చూసి మొహం విప్పారింది. "రా బాబూ రా. వకీలు చెప్పాడు, నువ్వు వెళ్ళి నాకోసం కాగితం ఇచ్చావటగా. ఉద్యోగం కూడా పోయిందటగా నా మూలంగా." నాకోసం కుర్చీ తుడిచింది.

"మొదటి కాగితం మీద సంతకం కూడా నాదే సిస్టర్. ఎవరూ గీకలేదు. నేనే పెట్టాను."

ఆవిడ కుర్చీ తుడిచే గుడ్డ చేతిలో అలాగే ఉంది.

"బెదిరించారా?"

"చెయ్యి పట్టుకుని పెట్టించలేదు."

"నువ్వు కేకు తిన్న రోజుకి కూడా తెలుసు నీకు."

"తెలుసు."

ఆవిడ గుడ్డ మడిచి కిటికీలో పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని చదివింది, ఆ సంతకాలు దగ్గరగా చూసింది. తిడుతుందేమో అని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది.

"మార్తా, నీ ఫోను తీసుకుని ఇలా రా. వకీలు గారు వీడియో ఎలా తియ్యమన్నారో అలా పెట్టు. ఈయన చెప్పేది నేనొక్కదాన్నే వింటే చాలదు."

మార్త వచ్చి ఫోను బల్ల మీద డబ్బాకి ఆనించి పెట్టింది. ముందు పేరు, ఊరు చెప్పాలంది. చెప్పాను. ఏదైనా కార్డు ఉందా అని అడిగింది. జేబులోంచి ఆధార్ తీశాను. మార్త అందుకోబోతే అమలమ్మ తనే తీసుకుంది.

కార్డు నా చెంప పక్కన పట్టుకుంది. ఒకసారి కార్డు వంక చూసింది, ఒకసారి నా మొహం వంక చూసింది. మళ్ళీ కార్డు వంక చూసింది. ఆవిడ వేళ్ళు నా చెవికి తగులుతున్నాయి.

"సరే, చెప్పండి" అంది.